ఆఖరి బంతి

టీవీలో మన బౌలర్ చేతన్ శర్మ పరుగు అందుకోగానే నాన్న రిమోట్ లాక్కున్నారు. "ఇది వద్దురా, మార్చెయ్."

1986 షార్జా ఫైనల్, ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్. పాకిస్తాన్‌కి చివరి బంతికి 4 కావాలి. ఫుల్ టాస్. మియాందాద్ సిక్స్. ఇన్నేళ్లయినా ఆ బంతికి ఆయనకు టెన్షనే! తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

అప్పటికి నేను పుట్టనేలేదు. అయినా మియాందాద్ 116 నాటౌట్ అని నిద్రలో లేపినా చెప్తాను. ఈ మంట ఎలా అంటుకుందో మరి.

సరేనని 1996 వరల్డ్ కప్ బెంగళూరు క్వార్టర్ ఫైనల్ పెట్టాను, అదీ పాకిస్తాన్‌తోనే. సొహైల్ ఫోర్ కొట్టి బౌండరీ వైపు బ్యాట్ చూపించడం, తర్వాతి బంతికే వెంకటేశ్ ప్రసాద్ స్టంప్ ఎగరగొట్టడం... మూడుసార్లు వెనక్కి తిప్పించారు.

మన విశాఖలో 2005లో ధోనీ కొట్టిన 148 పెట్టనా అంటే, "ఉండు, ముందు ఇది ఇంకోసారి వెయ్" అన్నారు. టీ మాత్రం చల్లారిపోయింది.