బకెట్టు కింద క్రిస్మస్

డిసెంబరు నెలాఖరులో సగం హైదరాబాదు ఆంధ్రా వైపు బయలుదేరుతుంది. ఆ బస్సులన్నీ తిరిగి ఖాళీగానే పోవాలి కదా, క్రిస్మస్‌కు హైదరాబాదులోని మేనత్త ఇంటికి ఎదురు వెళ్ళే నాకు విజయవాడలో టికెట్టు చవగ్గా దొరకాలి కదా! దొరకదు. మామూలు రోజుల ధరకు రెండింతలు పెట్టి కొన్నాను. డిమాండును బట్టి ధర అట. ఎక్కి చూస్తే సగం సీట్లు ఖాళీ. ఆ డిమాండు ఏ సీటులో కూర్చుందో చివరిదాకా కనిపించలేదు.

చలికి వణుకుతూ ఏసీ తగ్గించమని అడిగితే, "తగ్గిస్తే అద్దానికి ఆవిరి పడుతుందమ్మా, డ్రైవరుకు రోడ్డు కనపడదు" అన్నాడు క్లీనరు. కాదనలేని జవాబు. వాళ్ళిచ్చిన దుప్పటి వాసన చూశాక నా శాలువాయే నయమనిపించింది. సూర్యాపేట దగ్గర ఆపిన హోటల్లో రెండు ఇడ్లీలు 80 రూపాయలు. రెండోసారి చట్నీ అడిగితే కుర్రాడు నేనేదో అప్పు అడిగినట్టు నా వైపు చూశాడు.

ఎల్బీనగర్‌లో దిగి, మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో లైను మారి, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ చేరాక గానీ మనసు కుదుటపడలేదు. అక్కడి నుంచి తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ దాటి బొల్లారం. బస్సు కిటికీలోంచి కొట్టే చలికి దారి పొడవునా మంకీ టోపీలే. మా విజయవాడలో డిసెంబరంటే ఫ్యాను రెండు పాయింట్లు తగ్గించుకోవడమే. ఇక్కడ మాత్రం చలి నిజంగానే చలి.

మా మేనత్త రిటైరైన టీచరు. ఒక్కతే ఉంటుంది. ఒక్కతే అంటే ఊరుకోదనుకోండి, "బ్రూనో లేడా, చిట్టి లేదా?" అంటుంది. బ్రూనో ముసలి లాబ్రడార్. వేసవంతా బాత్రూము గచ్చు మీద పడి రొప్పే వాడు చలికాలంలో కుక్కపిల్ల అయిపోతాడు. చిట్టి వీధిలోంచి వచ్చి, ఇక వెళ్ళడం మానేసిన పిల్లి. హాల్లో సరుగుడు కొమ్మను బకెట్టు ఇసుకలో నిలబెట్టి అత్తయ్య దాని మీద మంచులా దూది పరిచింది. చిట్టి ఆ దూదిని పీకి సోఫా కిందికి చేరవేస్తోంది. బందరులో నా చిన్నప్పుడూ క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. నాన్న సైకిలుకు కట్టుకుని తెచ్చేవాడు, ఇల్లంతా సన్నటి ఆకులు రాలేవి. ఇప్పుడు ప్లాస్టిక్ చెట్లొచ్చాయి, వాటిలో ఏదీ రాలదు, వాసనా ఉండదు.

అసలు చూడాల్సింది మేడ మీద. అత్తయ్య మిద్దె తోటకు డిసెంబరే వసంతం. గ్రో బ్యాగుల్లో కాలీఫ్లవర్, ముల్లంగి, బీట్‌రూట్, పాలకూర, పిట్టగోడ పొడవునా చామంతులు, పెటూనియాలు, పిల్లల అరచేతులంత డాలియాలు. ఏప్రిల్లో ఇదే మేడ మీద షేడ్ నెట్టు కట్టినా ఆకుకూర నిలవదు. అందుకే అత్తయ్యకు ఈ మూడు నెలలూ కాళ్ళు నేల మీద ఆనవు. వేపపిండి ఎంత కలపాలో, కొబ్బరి పొట్టు ఎన్నిసార్లు కడగాలో నాకు చెప్పి చెప్పి, నేను వినడం లేదని గ్రహించి, బ్రూనోకు చెప్పడం మొదలుపెట్టింది.

సాయంత్రం అయిదున్నర కాగానే చేతిలో పని వదిలేసి మెట్లెక్కింది. బ్రూనో వెనకే. మూలన ఒక కుండీలో పాయిన్‌సెట్టియా అనే క్రిస్మస్ మొక్క ఉంది, ఎర్రటి ఆకులతో. దాని మీద ఒక నల్ల బకెట్టు బోర్లించి, గాలికి ఎగరకుండా పైన ఇటుక పెట్టింది. చిట్టి ఎక్కడి నుంచో వచ్చి ఆ ఇటుక పక్కనే కూర్చుంది. అక్టోబరు మొదలు రోజూ ఇదే తంతట.

"కిందటేడు ఆ స్తంభానికి కొత్త ఎల్‌ఈడీ దీపం పెట్టారే. అప్పటి నుంచి దీనికి రాత్రే లేకుండా పోయింది" అంది.

చెట్టు ఎర్రబడాలంటే వారాల తరబడి రోజుకు పన్నెండు గంటలు దాటిన చీకటి, మధ్యలో తెగకుండా, కావాలి. రాత్రి కాస్త వెలుతురు సోకినా లెక్క తప్పి ఆకులు పచ్చగానే ఉండిపోతాయి. కిందటేడు వీధి వైపు కొమ్మలు పచ్చగా, గోడ వైపువి ఎర్రగా వచ్చాయట. ఫొటో చూపించింది, నిజమే. మనం పువ్వనుకునే ఎరుపంతా ఆకులే. అసలు పూలు నడుమ పసుప్పచ్చగా, మినపగింజలంత ఉన్నాయి. మెక్సికో మొక్క ఇది. అక్కడి నుంచి 1820ల్లో దీన్ని అమెరికాకు పంపిన రాయబారి పాయిన్‌సెట్ పేరే దానికి మిగిలింది.

"మంచు మన చేతిలో లేదు. చీకటైతే బకెట్టుతో చేసుకోవచ్చు" అంది అత్తయ్య, చేతులు దులుపుకుంటూ.

మంచు కూడా అమ్ముతున్నారని మర్నాడు తెలిసింది. పక్కింటి పిల్లలు పట్టుబడితే వాళ్ళతో ఒక మాల్‌కు వెళ్ళాను. గంటకోసారి పైనుంచి సబ్బు నురుగు కురిపిస్తారు, జనం ఫోన్లు పైకెత్తి అరుస్తారు. కళ్ళు మండాయి. ఆ కాస్త మంచు చూడటానికి నిలబడ్డందుకు కాఫీ 290 రూపాయలు. పిల్లలు మాత్రం మహా సంతోషపడ్డారు, ఇంకేమీ అనను.

24 రాత్రి తొమ్మిదింటికి అమెరికాలోని మినియాపొలిస్ నుంచి వదిన, అంటే అత్తయ్య కూతురు, వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే పొద్దెక్కుతోంది. వాకిట్లో మోకాలి లోతు మంచు, అన్నయ్య పార పట్టుకుని కారుకు దారి చేస్తున్నాడు. "ఎంత బాగుందో!" అన్నాను. "వచ్చి ఎత్తిపొయ్యి" అంది వదిన. రోడ్ల మీద చల్లే ఉప్పు వాళ్ళ కుక్క పాదాలను మండిస్తుందట. బూట్లు తొడిగితే అది అడుగు కదపదు. తోట సంగతి అడిగింది అత్తయ్య. అక్టోబరులో నాటిన వెల్లుల్లి, కప్పిన ఎండుగడ్డి కింద, మంచు కింద నిద్రపోతోందట. పైన మంచు దట్టంగా ఉంటేనే నేల మరీ గడ్డకట్టదట. పాయిన్‌సెట్టియా? "దుకాణంలో ఎర్రగా ఉన్నదే కొనుక్కుంటాం అమ్మా, ఎవరు మూతలు పెడతారు?" అత్తయ్య ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అర్ధరాత్రి ఆరాధనకు నడిచి వెళ్ళాం. బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి కూడా ఉంది. 1847లో కట్టారు. 1983లో ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున అక్కడ ప్రార్థన చేసింది. అయితే అత్తయ్య వెళ్ళేది తెలుగు ఆరాధనకు. తిరిగొచ్చేసరికి క్యారల్స్ బృందం డప్పుతో గేటు ముందుంది, బ్రూనో వాళ్ళకంటే పెద్ద గొంతుతో అందుకున్నాడు.

పండగ మధ్యాహ్నం బిర్యానీ. బ్రూనోకు మాత్రం ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు లేకుండా విడిగా కోడి, అన్నం. ఇంతలో పక్కింటి చిన్నది వాడికి ప్లమ్ కేకు ముక్క పెట్టబోయింది. అత్తయ్య వేసిన కేక వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. అందులో ఉండే ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేయగలదు. పాప ఏడుపు, పాప తల్లి క్షమాపణలు, అత్తయ్య ఓదార్పు, అన్నీ అయ్యాక కేకు పెట్టెలన్నీ ఫ్రిజ్ పైకెక్కాయి. బ్రూనో ఫ్రిజ్ ముందే పడుకున్నాడు. నేను సంచి సర్దుకుని వాణ్ణి దాటుకుంటూ బయటికి వచ్చాను, తోక కూడా ఊపలేదు.