మా బుజ్జికి తామర: మందు మధ్యలో ఆపాక ఏమైందంటే

జులైలో, మా విజయవాడ ఉక్కపోతలో, మా పిల్లి బుజ్జి చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడి పొట్టు రాలుతుంటే వీధి పిల్లులతో కొట్లాడిందేమో అనుకున్నాం. వారం తిరగకుండా మా అమ్మాయి మోచేతి మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ లేచింది. అమ్మ చూడగానే తామర అనేసింది. మందుల షాపులో మనుషులకిచ్చే ట్యూబు ఇస్తే పిల్లికీ అదే రాశాను. అందులో స్టెరాయిడ్ కలిసుందని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను, ఎందుకంటే ఎరుపు తగ్గినట్టే కనిపిస్తుంది, అడుగున ఫంగస్ పాకుతూనే ఉంటుంది, పైగా పిల్లి దాన్ని నాకేస్తుంది.

సత్యనారాయణపురం నుంచి బుట్టలో పెట్టి పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. గది చీకటి చేసి ఊడ్స్ ల్యాంపు, అంటే అతినీలలోహిత కాంతినిచ్చే దీపం, వేస్తే వెంట్రుకల మొదళ్ళు ఆకుపచ్చగా మెరిశాయి. పిల్లుల్లో తామర ఎక్కువగా తెచ్చేది మైక్రోస్పోరమ్ కానిస్ అనే ఫంగస్ అట. కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్ళంతా దువ్వి దాన్ని ఫంగస్‌ని పెంచి చూసే పసుపు రంగు కల్చర్ ప్లేటులో గుచ్చారు. ఈ ఫంగస్ పెరిగితే ఆ పసుపు ఎర్రగా మారుతుంది.

మందు ఇట్రాకొనజోల్. కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు, రోజుకోసారి, ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. మూడు కిలోల బుజ్జికి 15 మిల్లీగ్రాములు కావాలి, మనుషుల క్యాప్సూలేమో 100 ఉంటుంది, అందుకని ద్రవం రాయించుకుని సూది లేని సిరంజితో కొలిచి పోశాం. లివర్ కోసం ముందే రక్తపరీక్ష చేశారు. వాంతులైనా, తిండి మానేసినా వెంటనే చెప్పమన్నారు.

ఐదో వారానికి చెవి వెనక మెత్తగా వెంట్రుకలొచ్చేశాయి. నయమైందని మందూ, దాంతో పాటు చేయిస్తున్న మందు షాంపూ స్నానాలూ రెండూ ఆపేశాను. ఇరవై రోజులకి తోక మొదట్లో ఇంకో మచ్చ!

“వెంట్రుకలు రావడం వేరమ్మా, ఫంగస్ పోవడం వేరు” అన్నారు డాక్టరు గారు.

మళ్ళీ మొదటి నుంచీ. వారానికి రెండుసార్లు మైకొనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూతో ఒళ్ళంతా పట్టించి పది నిమిషాలు ఉంచడం, అది అరుస్తుంటే నాకు ఏడుపొచ్చేది. రాలిన వెంట్రుకల్లో ఈ ఫంగస్ ఏడాదికి పైగా బతకగలదు కాబట్టి దాన్ని ఒకే గదిలో ఉంచి రోజూ ఊడ్చి, సబ్బుతో కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్ళతో తుడిచాం, దుప్పట్లు విడిగా ఉతికాం. అమ్మాయికి చర్మం డాక్టరు వేరే క్రీము రాశారు.

ఈసారి కల్చర్ రెండుసార్లు నెగెటివ్ వచ్చేదాకా మందు ఆపలేదు. రెండో ప్లేటు కూడా పసుపుగానే ఉందని ఫోనొచ్చిన రాత్రి, ఇన్ని నెలల తర్వాత, మా అమ్మాయి బుజ్జిని పక్కలో వేసుకుని పడుకుంది.