సాగుతున్న యుద్ధంలో బలాబలాల అంచనా: సివిల్స్ మెయిన్స్‌కు నేను చదివిన తీరు

సివిల్స్‌కు చదువుతున్న మిత్రులు జనరల్ స్టడీస్ రెండో పేపర్ మాట వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది: "రష్యా, ఉక్రెయిన్ యుద్ధంలో ఎవరిది పైచేయి అని రాయాలి?" విజయవాడలో మా స్టడీ సర్కిల్‌లో అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగింది దీని మీదే కాబట్టి, నేను దీన్ని ఎలా చదివానో కాస్త వివరంగా రాస్తున్నాను.

చాలామంది ట్యాంకులు, విమానాలు, జనాభా, రక్షణ బడ్జెట్ పట్టికతో మొదలుపెడతారు. పట్టిక అవసరమే కానీ అదొక్కటే చాలదు. 2022 ఫిబ్రవరి 24న దాడి మొదలైనప్పుడు పట్టిక ప్రకారం కీవ్ కొద్ది రోజుల్లోనే పడిపోవాలి. ఏప్రిల్ మొదటి వారానికల్లా రష్యా సేనలే కీవ్ పరిసరాల నుంచి వెనక్కి వెళ్లిపోయాయి. అందుకే నేను ముందుగా ఒక్కో పక్షానికి గెలుపు అంటే ఏమిటో విడివిడిగా రాసుకునేవాణ్ని. దొనెత్స్క్, లుహాన్స్క్, జపరోజియా, ఖెర్సన్ ప్రాంతాలను తనలో కలుపుకున్నట్టు రష్యా 2022 సెప్టెంబరులో ప్రకటించింది కనుక, వాటిని పూర్తిగా పట్టుకోవడం, ఉక్రెయిన్‌ను నాటోకు దూరంగా ఉంచడం దాని లక్ష్యాలు. ఉక్రెయిన్ 1991 నాటి సరిహద్దులు కావాలంటున్నా, స్వతంత్ర దేశంగా నిలబడడం దాని మొదటి అవసరం. లక్ష్యాలు ఇలా వేరైనప్పుడు ఒకే కొలబద్దతో ఇద్దరినీ కొలవడం కుదరదు.

తర్వాత కౌటిల్యుడు చెప్పిన మూడు శక్తులను చట్రంగా వాడుకున్నాను. ఉత్సాహశక్తి (ధైర్యపరాక్రమాలు) కన్నా ప్రభుశక్తి, అంటే సైన్యమూ ధనాగారమూ, మిన్న అనీ, దానికన్నా మంత్రశక్తి (ఆలోచన, వ్యూహం) మిన్న అనీ ఆయన అభిప్రాయం. ఈ యుద్ధంలో మూడూ కనిపిస్తాయి. మంత్రశక్తికి నేను ఎంచుకున్న ఉదాహరణ ఖెర్సన్ నగరం. లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల షాపులో దొరికిన ఒక అట్లాసులో నీపర్ నది వెంట పెన్సిల్‌తో గీసుకుంటూ చూస్తే విషయం తేటతెల్లమైంది. నదికి పశ్చిమాన ఉన్న రష్యా సేనలకు తిండి, మందుగుండు అన్నీ నది దాటే రావాలి. అమెరికా ఇచ్చిన హైమార్స్ రాకెట్లతో ఉక్రెయిన్ నెలల తరబడి అంతోనివ్‌స్కీ వంతెనను, ఇతర దారులను కొట్టింది. చివరకు 2022 నవంబరులో రష్యా తానే నగరాన్ని వదిలి తూర్పు ఒడ్డుకు తప్పుకుంది. నగర వీధుల్లో పోరాడకుండానే నగరం తిరిగి చేతికి వచ్చింది. నల్లసముద్రంలోనూ అంతే: చెప్పుకోదగ్గ నౌకాదళం లేని ఉక్రెయిన్ 2022 ఏప్రిల్‌లో రష్యా యుద్ధనౌక మాస్క్వాను ముంచింది, తర్వాత సముద్ర డ్రోన్లతో రష్యా నౌకల్లో చాలావాటిని క్రిమియాలోని సెవస్తొపోల్ రేవు నుంచి రష్యాలోని నవరస్సీస్క్ రేవుకు తరలిపోయేలా చేసింది.

అయితే ఇక్కడితో ఆగితే జవాబు ఒకవైపు ఒరిగిపోతుంది. 2023 వేసవిలో జపరోజియా దిశగా ఉక్రెయిన్ చేసిన ఎదురుదాడి లోతైన మందుపాతరల వరుసలు, కందకాల ముందు, పైన తగినంత వాయుబలం లేక నిలిచిపోయింది. కొత్త ఆయుధాలు అందితే చాలు, పరిస్థితి తారుమారవుతుందన్న వాదనకు ఇది గట్టి సమాధానం. రష్యా ముందుకు వస్తోంది కదా అని సంబరపడేవారికీ ఒక కొలత చెప్పాలి. దొనెత్స్క్ ప్రాంతంలోని అవ్‌దీవ్‌కా పట్టణం 2024 ఫిబ్రవరిలో రష్యా చేతికి వచ్చింది. అక్కడి నుంచి పొక్రొవ్‌స్క్ యాభై కిలోమీటర్లు కూడా ఉండదు, మనం బెజవాడలో బస్సెక్కి గుంటూరు దాటి కొంచెం ముందుకు వెళ్లినంత. ఆ నగరం కోసం 2025 చివరిలోనూ పోరు నడిచింది. డ్రోన్లు పైనుంచి ప్రతి కదలికనూ చూస్తున్నప్పుడు ఏ పక్షమూ పెద్ద దళాన్ని ఒకచోట కూడగట్టలేకపోతోంది.

అందువల్ల ఎక్కువ సమయం పెట్టవలసింది ఓపిక లెక్క మీద. ఉక్రెయిన్‌కు అసలు కొరత మనుషులు: 2024 ఏప్రిల్‌లో సమీకరణ వయసును, అంటే సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే కనీస వయసును, 27 నుంచి 25కు తగ్గించింది. పైగా దాని సొంత రాబడి దాదాపుగా యుద్ధానికే సరిపోతున్నందున, ప్రభుత్వ రోజువారీ ఖర్చు విదేశీ సాయం మీద ఆధారపడింది. అమెరికా కాంగ్రెస్‌లో సాయం నెలల తరబడి ఆగినప్పుడు ఫిరంగి గుండ్ల కొరత యుద్ధరంగంలోనే కనిపించింది. రష్యా 2022లో మూడు లక్షల మందిని సమీకరించాక మళ్లీ అలాంటి ప్రకటన చేయకుండా, పెద్ద మొత్తాలు ఇచ్చి ఒప్పంద సైనికులను చేర్చుకుంటోంది. 2024 అక్టోబరులో కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 21 శాతానికి చేరడం యుద్ధ వ్యయపు ఒత్తిడికి ఒక గుర్తు. నా అంచనా ఏమిటంటే, రష్యాకు కాలం కొంత అనుకూలమే గానీ, ఆ అనుకూలత ఐరోపా దేశాల సాయం తగ్గితేనే విజయంగా మారుతుంది.

జవాబులో ఈ "అయితే", "తగ్గితే" అన్న షరతులను తప్పక రాయండి. ఫలానా నెల నాటి పరిస్థితి అని తేదీ కూడా వేయండి. సైనికుల మరణాల సంఖ్యలు రెండు పక్షాలూ ఎదుటివారివి పెంచి, తమవి తగ్గించి చెబుతాయి కనుక నేను వాటిని వాడలేదు. ఆ సంఖ్యల వెనక ఉన్నది మన ఈడు కుర్రాళ్లేనన్న సంగతి చదువుతున్నంతసేపూ నన్ను బాధపెట్టింది. మన దేశం కోణానికి మాత్రం రెండు వాక్యాలు చాలు: ఆపరేషన్ గంగ ద్వారా ఉక్రెయిన్‌లోని మన వైద్య విద్యార్థులను వెనక్కి తీసుకురావడం, రష్యా చమురు కొనుగోళ్లు. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు వారం యుద్ధరేఖ పటం, సాయం ప్రకటనలు, చర్చల స్థితి, ఈ మూడింటినీ మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.