ఓవెర్న్ కొండల చేదు వేరు

ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న ఓవెర్న్ కొండల్లో, భోజనానికి ముందు చిన్న గ్లాసులో పోసి ఇచ్చే పసుపుపచ్చని జాన్సియాన్ మద్యాన్ని తొలిసారి రుచి చూసినప్పుడు, నాలుకకు మొదట తీపి తగిలి, అంతలోనే చిన్నతనంలో జ్వరానికి వైద్యులు తాగించిన కిరాతతిక్త కషాయాన్ని తలపించే చేదు గొంతు దాకా పాకింది. ఆ పోలిక వట్టి భ్రమ కాదు. హిమాలయాల్లో పెరిగే కిరాతతిక్తమూ, ఈ జాన్సియానూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. లోకంలోని అతి చేదు పదార్థాలలో ఒకటైన అమరోజెంటిన్ రెండింటిలోనూ ఉంటుంది.

ఈ మద్యానికి ప్రాణం జాన్సియాన్ మొక్క వేరు. పచ్చిక బయళ్లలో నిటారుగా పెరిగి పసుపు పూలు పూసే ఈ మొక్క తొలిసారి పూయడానికి పదేళ్ల దాకా పడుతుంది; ఆ తరువాత యాభై ఏళ్లు కూడా బతకగలదు. అంతకాలం నేలలోకి దిగిన వేరును పెకలించడానికి అక్కడివారు 'దయ్యపు పంగ' అని పిలిచే, రెండు కొమ్ముల బరువైన ఇనుప పనిముట్టును గుచ్చి, దాని పొడవాటి కాడపై ఒళ్లంతా మోపి వంచుతారు. అలా పైకి వచ్చిన ఒక వేరును విరిచి నా చేతికిచ్చారు: పైన మట్టిరంగు ముడతలు, లోపల లేత పసుపు, తడిమట్టి వాసన. వేళ్లకంటిన చేదు సాయంత్రం దాకా వదలలేదు.

తవ్వేవారికి అనుభవం తప్పనిసరి, ఎందుకంటే పూత లేనప్పుడు అచ్చం దీనిలాగే కనిపించే వెరాట్రం అనే విషపు మొక్క ఆ బయళ్లలోనే పెరుగుతుంది. జాన్సియాన్ ఆకులు కాడకు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి, వెరాట్రం ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి.

వేరును కడిగి, తరిగి, ఆల్కహాలులో నెలల తరబడి నానబెట్టి, ఆ సారానికి పంచదార, కొన్ని మూలికలు కలుపుతారు. 1885 నాటి సాలెర్స్, 1889లో అంగడికి వచ్చిన స్యూజ్, 1929 నాటి ఆవేజ్ పేరుపొందిన బ్రాండ్లు. వీటిలో స్యూజ్ నాకు కాస్త తీపి ఎక్కువనిపిస్తుంది. సాలెర్స్‌లో మాత్రం ఆ వేరూ, ఆ మట్టీ స్పష్టంగా తెలుస్తాయి. దీన్ని సోడాతో పలుచన చేయడం నాకు మనస్కరించదు. చల్లగా, కొద్దికొద్దిగా తాగితే చాలు.

ఆ రోజు తవ్వకం ముగిశాక, గుంటలో మట్టిని నింపి, తీసిన పచ్చిక పెళ్లను తిరిగి పైన పరిచి, పక్కనున్న లేత మొక్కలను ముట్టుకోకుండా వారు ముందుకు సాగిపోయారు.