ఒక్క ఊపిరిలో ఎన్ని?

మా ఇంట్లో పాల లెక్క పుస్తకం ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల కింద ఉంటుంది. ముందు నుంచి తెరిస్తే అత్తమ్మ గీసిన నిలువు గీతలు: ఏ రోజు ఎన్ని ప్యాకెట్లు, చుట్టాలొస్తే ఎన్ని ఎక్కువ. వెనక నుంచి తిరగేస్తే నా నానీలు. ఇద్దరం చెరో కొస నుంచి రాసుకుంటూ వచ్చి, ఏ డిసెంబరుకో మధ్యలో కలుసుకుంటాం. అప్పుడు కొత్త పుస్తకం కొంటాం.

నానీ అంటే 1997లో ఎన్. గోపి గారు మొదలుపెట్టిన ప్రక్రియ. నాలుగు పాదాలు. మొత్తం మీద ఇరవై అక్షరాలకి తగ్గకూడదు, ఇరవై ఐదు దాటకూడదు. పెద్ద కవిత రాసే తీరిక నాకెప్పుడూ లేదు. ఇంటి పని అయ్యాక చీరలకి ఫాల్స్ కుడతాను. నానీ అయితే పోపు వేగేలోపు వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకుని, చెయ్యి కొంగుకి తుడుచుకుని రాసేయొచ్చు.

కుక్కర్
మూడు విజిల్లు వేసింది
నా కవితే
ఇంకా ఉడకలేదు

ఇలాంటివే. ఎవరికీ చూపించను.

2022 ఆగస్టు రెండో వారంలో ఒక పెళ్లికి వెళ్లొచ్చి మూడు రోజులు విరేచనాలతో పడుకున్నాను. ఓఆర్ఎస్ తాగాను, తగ్గింది, మర్చిపోయాను. 24వ తేదీ పొద్దున పాల ప్యాకెట్లు తీసుకుని గేటు దగ్గర్నుంచి వస్తుంటే, నేను వరండా మెట్టెక్కేసరికి ఎడమ కాలి చెప్పు తులసికోట దగ్గరే ఉండిపోయింది. ఎప్పుడు జారిందో తెలియలేదు. నాకైతే భలే సంబరం, ఇవాళ్టికి నానీ దొరికిందని. తేదీ వేసి మరీ రాశాను.

చెప్పు జారింది
పాదానికి తెలీదు
వెనక్కి తిరిగి
కళ్లే చెప్పాయి

మర్నాటికి కాలి వేళ్లలో చీమలు పాకినట్టు. ఆ మర్నాటికి కుర్చీలోంచి లేవాలంటే చేతులతో తోసుకోవాల్సి వచ్చింది. 27 పొద్దున ఫాల్ కుడుతుంటే సూది రెండు వేళ్ల మధ్య నిలవలేదు. వంగి తీసుకున్నా, మళ్లీ పడింది. ఆరోసారి పడ్డాక మా పాప తీసిచ్చి, "అమ్మా, డాక్టరుకి చూపిద్దాం" అంది.

సాయంత్రం హనుమకొండలోనే ఒక క్లినిక్కి వెళ్లాం. ఏ రోజు ఏమైందో చెప్పాలి కదా అని పుస్తకం పట్టుకెళ్లాను. ఆ డాక్టరు గారు బీపీ చూశారు, షుగరు చూశారు. నేను తేదీ చెబుదామని పుస్తకం తెరిస్తే చెయ్యి చాచి తీసుకుని రెండు పేజీలు తిప్పి, "కవితలు రాస్తారా? అందుకే!" అన్నారు. "మీ సమస్య కాళ్లలో లేదమ్మా, ఇక్కడుంది" అని కణత మీద వేలు పెట్టుకుని చూపించారు. మా సారు, అదే మా ఆయన, నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, ముక్కుతో ఒక చిన్న నవ్వు. టెన్షన్ తగ్గడానికి ఒక బిళ్ల, నిద్రకి ఒక బిళ్ల, బలానికి ఒక ఇంజెక్షన్ రాసిచ్చారు. ఇంటికొచ్చే దారిలో మా సారు ఫోన్ చేసిన వాళ్లందరికీ "ఏం లేదట, ఎక్కువ ఆలోచిస్తోందట" అని చెప్పారు.

ఆ మాట ఇప్పుడు రాస్తున్నా నా చెయ్యి బిగుసుకుంటోంది. బిగుసుకుంటోంది అంటే బాగుపడిందనే అర్థం, అది వేరే సంగతి.

29వ తేదీ బాత్రూంలో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. అత్తమ్మా, పాపా చెరో చంకలో చేతులేసి లేపారు. డెబ్భై నాలుగేళ్ల మనిషి నన్ను మోసింది. మోస్తూనే కొడుకుని ఒక కేక పెట్టింది: "మనసుల రోగమైతే కాళ్లు గిట్ల ఏలాడుతయారా? బండి మాట్లాడు!" ఆ రాత్రే అంబులెన్సులో హైదరాబాద్.

అక్కడి న్యూరాలజిస్టు చేసిన మొదటి పని, చిన్న సుత్తితో నా మోకాలి కింద కొట్టడం. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే. "ఎప్పట్నుంచి?" అన్నారు. నేను ఏదో చెప్పబోతుంటే మా పాప సంచిలోంచి పాల పుస్తకం తీసి, వెనక నుంచి తిప్పి, చెప్పు నానీ చూపించింది. ఆయన చదివారు. మళ్లీ చదివారు. "24న మొదలైంది" అని కేస్ షీట్‌లో రాసుకుని, "అంతకు ముందు జ్వరం గానీ విరేచనాలు గానీ?" అని అడిగారు. అత్తమ్మ గీతల వైపు తిప్పితే పెళ్లి తర్వాత మూడు రోజులు పాలు తక్కువ తీసుకున్న లెక్క కూడా దొరికింది.

గులియన్ బారే సిండ్రోమ్. జీబీఎస్ అంటారు. 2025 జనవరిలో పుణేలో వరసగా కేసులొచ్చినప్పుడు టీవీల్లో మోగిన పేరు ఇదే. ఏదో సూక్ష్మక్రిమి మీదకి లేచిన మన రక్షణ శక్తి, దారి తప్పి మన నరాల మీదే పడుతుంది. పాదాల నుంచి పైకి పాకుతుంది. కరెంటు షాకుల టెస్టు చేశారు, నడుములోంచి నీళ్లు తీశారు. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించాలన్నారు. కిలో బరువుకి 2 గ్రాముల లెక్కన నా 60 కిలోలకి 120 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు 24, ఐదు రోజుల్లో. చిట్టీ ఎత్తాం, నా గాజులు వెళ్లాయి. ఆ మందు వేలమంది ఇచ్చిన ప్లాస్మా కలిపితే గానీ తయారవ్వదట. వాళ్లెవరో నాకెప్పటికీ తెలియదు. రక్తదానం బోర్డు ఎక్కడ కనబడినా ఇప్పుడు దండం పెడుతున్నాను, చూసేవాళ్లు నవ్వినా సరే.

31వ తేదీ వినాయక చవితి. ఆ రాత్రి గురించే నేను రాయాలనుకున్నది.

ఐసీయూలో రెండు గంటలకోసారి సిస్టర్ వచ్చి ఒక పరీక్ష పెట్టేది. గుండె నిండా గాలి పీల్చుకుని, మధ్యలో ఆగకుండా ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పాలి. ఊపిరి తీసే కండరాలు ఎంత సత్తువతో ఉన్నాయో దాన్నిబట్టి తెలుస్తుందట. ఆ సిస్టర్‌ది కేరళ. "వన్, టూ" అని చెప్పమంది. నేను తెలుగులో చెబుతానంటే, ఏ భాషైనా ఫర్వాలేదు గానీ ప్రతిసారీ ఒకే భాష, ఒకే స్పీడు అంది. సాయంత్రం ఆరింటికి ఇరవై మూడు దాకా వెళ్లాను. లోలోపల నవ్వుకున్నాను కూడా, నానీకి సరిపోయిందని.

ఎనిమిదింటికి ఇరవై. పదింటికి పందొమ్మిది. బయట దూరంగా ఏదో మండపంలో మైకు పాటలు, "గణపతి బప్పా" అంటే పిల్లల కేకలు. పన్నెండింటికి పదహారు. మింగడానికి గుటక పడటం లేదు, నోటి పక్క నుంచి ఉమ్మి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. రెండింటికి పన్నెండు.

పన్నెండు అంటే నానీలో సగం. మొదటి రెండు పాదాలు. నానీ మలుపు తిరిగేదే మూడో పాదంలో. నాకు మూడో పాదం లేదు. నిజంగా ఇలాగే అనుకున్నాను, ఇంకే మనిషైనా దేవుణ్ణి తలుచుకునేది. పక్కకి వెంటిలేటర్ తోసుకొచ్చి పెట్టారు. దాని చక్రం ఒకటి కిర్రుమంటోంది. గొట్టం వేస్తే మాట ఉండదు, చెయ్యి ఎలాగూ లేదు, ఇక రాయడానికి నా దగ్గర మిగిలేది కళ్లే అనిపించింది.

అప్పుడు డ్యూటీ డాక్టరమ్మాయి స్టూలు లాక్కుని నా తల దగ్గర కూర్చుంది. మాస్కు వల్ల ముఖం చూడలేదు, మా పాప కంటే ఓ ఏడెనిమిదేళ్లు పెద్దదేమో. రక్త పరీక్ష రిపోర్టు చూసి, "ఇంకో అరగంట చూద్దాం ఆంటీ. భయపడకండి, నేనూ మీతో లెక్కపెడతా" అంది. ఇద్దరం కలిసి ఒకటి, రెండు, మూడు. పన్నెండు. అరగంటకి మళ్లీ పన్నెండు. మళ్లీ. తగ్గలేదు, అదే మాకు పండగ. ఐదింటికి పద్నాలుగు వచ్చాక లేచి వెళ్లింది. స్టూలు అక్కడే వదిలేసింది. తెల్లారాక ఆ స్టూలు తీస్తామంటే వద్దని తల ఊపబోయాను. తల ఊగలేదు.

గొట్టం అవసరం పడలేదు. నాకంటే చిన్నవాళ్లకి పడింది, పక్క బెడ్డులోనే. ఎందుకు నాకు పడలేదో నేను చెప్పలేను.

అత్తమ్మ చెప్పగలదు. నేను అంబులెన్సు ఎక్కుతుంటేనే సమ్మక్క సారలమ్మలకి నా ఎత్తు బంగారం మొక్కుకుంది. బంగారమంటే బెల్లం, ఎత్తు అంటే బరువు, మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. అంటే డాక్టరూ నా బరువే అడిగారు, దేవతలూ నా బరువే అడిగారు. 2024 ఫిబ్రవరి జాతరలో మేడారంలో మొక్కు చెల్లించాం. అప్పటికి నేను 54 కిలోలే ఉన్నా, "మొక్కిననాటి బరువే లెక్క" అని అరవై కిలోలూ తూయించింది. ఆమెతో వాదించేంత ఊపిరి నాకు వచ్చినా వాదించలేదు.

మా సారు సంగతి. ఐసీయూ బయట కుర్చీలో నాలుగు రాత్రులు కూర్చుని ఆ పుస్తకం మొత్తం చదివారట. పదిహేడేళ్లలో ఎప్పుడూ తెరవనివారు. ఐదో రోజు లోపలికి పది నిమిషాలు వదిలితే వచ్చి నిలబడి, గొంతు సవరించుకుని చదివి వినిపించారు:

రిమోట్ దొరికింది
సోఫా కింద
ఆయన మాత్రం
టీవీలోనే ఉన్నారు

"ఇది నా మీదేనా?" అన్నారు. కనురెప్పలు ఆర్పాను. తర్వాత నాలుగు నెలలు నా తల దువ్వింది, అన్నం తినిపించింది, మా పాప కాలేజీకి వెళ్లాక బెడ్‌పాన్ తీసింది ఆయనే. ఆ రుణం తీరేది కాదు. క్లినిక్కులో నవ్విన నవ్వుకి మాత్రం ఇంతవరకు ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. ఇక్కడ రాశాను, చదువుతారు.

చదివేవాళ్లకి ఒక్కటి చెబుతాను. జ్వరమో విరేచనాలో తగ్గిన కొన్నాళ్లకి కాళ్లలో సత్తువ పోయి, అది రోజురోజుకీ పైకి పాకుతుంటే బలం ఇంజెక్షన్లతో కాలం గడపకండి. ఆ రోజే ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. "ఇదంతా మనసులోది" అన్న డాక్టరు సుత్తి తీశారో లేదో చూడండి.

ఆ ఏడు బతుకమ్మకి కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి తెచ్చారు. చుట్టూ అందరూ తిరుగుతుంటే గునుగు పువ్వొకటి వేళ్ల మధ్య నిలబెట్టుకోవడానికి ప్రయత్నించాను. జారింది. దీపావళి దాటాక నిలిచింది. నవంబరు చివర వాకర్ పట్టుకుని వంటింటి దాకా వెళ్లి, ఫ్రిజ్ మీద పుస్తకం తీసి రాసిన మొదటి నానీ కోడి గెలికినట్టు ఉంది, నాకే చదవడం రాలేదు. ఆసుపత్రిలో నేను పెదవులు కదిపితే మా పాప రాసిపెట్టినవి దాని ముందు పేజీల్లో గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. రెండిటి మధ్యా తేడా చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అరికాళ్లు ఇంకా రాత్రిపూట మండుతాయి. సూది నిలుస్తుంది. పడుకునే ముందు లైటు ఆర్పేసి గుండె నిండా గాలి పీల్చి లెక్కపెట్టుకోవడం మాత్రం మానలేకపోయాను. నిన్న ముప్పై ఒకటి దాకా వెళ్లాను. పక్క గదిలోంచి అత్తమ్మ అడిగింది:

"ఏందే బిడ్డా, పాల లెక్క తప్పిందా?"