ఎర్ర నేల మీద వార్డు: నకాషీ బొమ్మల సాధన, నాలుగు నెలల లెక్క

జూలై, మొదటి ఆదివారం

బట్టల బజారులో రెండు మీటర్ల ముతక ఖద్దరు కొన్నాను. మీటరు 180 రూపాయలు. ఏం కుట్టించుకుంటారమ్మా అని దుకాణదారు అడిగాడు. బొమ్మలు వేస్తానన్నాను. ఆయన నన్నొకసారి, నా సంచిలోంచి తొంగి చూస్తున్న స్టెతస్కోపును ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా జానెడు ఎక్కువే కొలిచి చింపాడు.

హౌస్ సర్జన్‌గా చేరి మూడు నెలలైంది. చేతులకు వేరే పని పెడితే మనసుకు తెరిపి దొరుకుతుందని సీనియర్లు చెప్పారు, అమ్మ చెప్పింది, చివరికి ఫోనులో వచ్చే ప్రకటనలూ అదే చెబుతున్నాయి. ఆ మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. బొమ్మలంటే మాత్రం ఇష్టం. మొదటి సంవత్సరం అనాటమీ రికార్డులో ధమనికి ఎరుపు, సిరకు నీలం, నాడికి పసుపు పూస్తూ కూర్చున్న రాత్రులే ఈ చదువులో నాకు హాయిగా గుర్తున్నవి. ఆ మూడింటికి కాస్త నలుపు, తెలుపు కలిపితే చేర్యాల పటానికి, అంటే నకాషీ కళాకారులు బట్ట మీద వేసే కథల బొమ్మకు, కావలసిన రంగులు దాదాపు సమకూరినట్టే. అందుకే మా తోటివాళ్లు రంగులు నింపే గుండ్రటి అల్లిక బొమ్మల (మండలా) పుస్తకాలు పక్కన పెట్టి దీన్ని పట్టుకున్నాను.

జూలై, మూడో వారం

సెలవు దొరికింది. హనుమకొండలో బస్సెక్కి జనగామలో దిగి, సిద్దిపేట బస్సు పట్టుకుంటే చేర్యాల దారిలోనే వస్తుంది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా అది మా వరంగల్ జిల్లాలోదే. నకాషీ కళాకారుల ఇళ్లలో ఒకదానికి వెళ్లి, గుమ్మం పక్కన రెండు గంటలు కూర్చుని చూసి వచ్చాను.

పటం పైనుంచి కిందికి గడులుగా సాగుతుంది. గడికీ గడికీ మధ్య పూలవరుస. ముప్పై అడుగులు దాటినవీ ఉన్నాయి. పూర్వం కథకులు దాన్ని వేలాడదీసి, ఒక్కో గడీ చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం. కులానికో కథ, కథకో పటం. ఇప్పుడు అమ్ముడుపోయేవి ఎక్కువగా గోడకు తగిలించుకునే ఒక్క గడి బొమ్మలు, చింతగింజల పిండితో చేసే ముఖాలు.

అక్కడ కూర్చున్నప్పుడు ఒక సంగతి తట్టింది. ఈ బొమ్మల్లో ముఖం చూసి ఎవరినీ పోల్చుకోలేం. అందరికీ అవే పెద్ద పెద్ద కళ్లు. ఒంటి రంగు, కట్టుకున్న బట్ట, చేతిలో పట్టుకున్న వస్తువు, వీటిని బట్టే కల్లుగీసే అతనో, రాజో, నేతగాడో తెలుస్తుంది. వార్డులో చూసినవి వేయాలని ఎప్పటినుంచో ఉన్నా, రోగి ముఖం గీయడం తప్పని ఆగిపోయేదాన్ని. ఈ పద్ధతిలో ఆ చిక్కే లేదు.

జూలై చివర

బట్ట తయారీ. బొమ్మ కంటే దీనికే ఎక్కువ రోజులు పట్టాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చింతగింజలు మా ఇంట్లో కొదవలేదు. వేసవిలో చింతపండు కొట్టి గింజలు తీసి గోనెసంచిలో పడేస్తారు. అమ్మ రెండు కిలోలు పంపింది. 200 గ్రాములు తీసుకుని, పెంకులో పైపొట్టు పగిలేదాకా వేయించి, దంచి, పొట్టు చెరిగేశాను. లోపలి పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాను. దాన్ని లీటరున్నర నీళ్లలో కలిపి సన్నని మంట మీద ఇరవై నిమిషాలు తిప్పుతూ ఉడికిస్తే జావలా చిక్కబడింది. పల్చని బట్టలో వడగట్టాలి. వడగట్టకుండా పూస్తే ఎండాక బట్ట మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. మొదటి ముక్క అలాగే పోయింది.

తర్వాత ఈ జిగురులో అన్నం గంజి, సుద్దమట్టి కలిపి పూయాలి. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. సుద్దమట్టి దొరక్క, హార్డ్‌వేర్ దుకాణంలో తెల్లటి పొడి కనిపిస్తే అర కిలో తెచ్చాను. అది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. గిన్నెలో కలిపి, బ్రష్షు ముంచి, బట్ట వైపు తిరిగేసరికి గిన్నెలో బ్రష్షు నిలబడిపోయింది. ఆర్థో వార్డులో నెలరోజులు కట్లు వేసి వచ్చిన మనిషిని నేను! పది నిమిషాల్లో గట్టిపడుతుందని నాకు కాక ఎవరికి తెలియాలి? మా గదిలో ఉండే జూనియర్ ఆ గిన్నెను చూసి, "అక్కా, ఎక్స్‌రే తీయించాలా?" అని అడిగింది.

రెండోసారి సరైన సుద్ద దొరికింది. నాకు కుదిరిన పాళ్లు ఇవి: సుద్దపొడి మూడు గరిటెలు, చింతగింజల జిగురు రెండు, గంజి ఒకటి. మజ్జిగంత పల్చగా ఉండాలి. మూడు పూతలు. ఒక్కో పూతా పూర్తిగా ఆరాకే తర్వాతిది. బట్టను చెక్క చట్రానికి బిగించి కొట్టుకోవడం మరవకూడదు, లేకపోతే ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. చివరిది ఆరాక స్టీలు గ్లాసు అడుగుతో రుద్దితే నునుపు వస్తుంది.

ఆగస్టు, రెండో వారం

ముసురు. పూత ఆరడానికి రోజున్నర. మిగిలిన జిగురుకు నాలుగో రోజున పచ్చటి బూజు. పుస్తకాలు బైండింగు చేసేవాళ్లు జిగురులో మైలతుత్తం కలుపుతారని తెలుసు, కానీ అది కాపర్ సల్ఫేట్. అందరం టీ గ్లాసులు పెట్టుకునే బల్ల మీద దాన్ని ఉంచే ధైర్యం నాకు లేదు. ఆ విషం మింగినవాళ్ల కడుపు కడిగే పని ఒకసారి చూశాను, చాలు. అందుకే జిగురు రెండు రోజులకు సరిపడా మాత్రమే చేసుకుంటున్నాను. అదే జాగ్రత్త రంగులకూ వర్తిస్తుంది. పాత పటాల్లో ఎరుపుకు వాడిన ఇంగిలీకం పాదరసపు ఖనిజం. నావి మామూలు పోస్టర్ రంగులు. ఎర్ర సీసా 60 రూపాయలు, అన్నిటికంటే ముందు అయిపోయేది అదే.

ఆగస్టు చివర

గీత సాధన. సున్నా, రెండు, ఆరు నంబర్ల గుండ్రటి బ్రష్షులు. రోజూ పాత వార్తాపత్రిక మీద ఇరవై నిమిషాలు. ఊపిరి బిగబట్టి గీస్తే గీత వణుకుతోంది, వదులుతూ గీస్తే నిలబడుతోంది. చిటికెన వేలును బట్టకు ఆనించుకుంటే ఇంకా మేలు. కుట్లు వేయడం నేర్పిన రోజున సర్జరీ సారు చెప్పిందీ ఇదే, అప్పుడు చెవికెక్కలేదు.

ఇంకో అభ్యాసం యేల్ విశ్వవిద్యాలయం నుంచి అరువు తెచ్చుకున్నది. ఇర్విన్ బ్రేవర్మన్ అనే చర్మవ్యాధుల వైద్యుడు తన విద్యార్థులను చిత్రశాలకు తీసుకెళ్లి, ఒక్కో పటం ముందు నిలబెట్టి, కనిపించిందంతా చెప్పమనేవాడు. కథ అల్లడం తర్వాత, ముందు చూడాలి. అలా శిక్షణ పొందినవాళ్లు రోగి ఫొటోలోనూ ఎక్కువ వివరాలు పట్టుకోగలిగారని 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. నేను రౌండ్స్ ముందు ఒక పడక ఎంచుకుని, కేస్ షీటు తెరవకుండా రెండు నిమిషాలు చూస్తున్నాను. మొన్న ఒకాయన పడక కింద రెండు వేర్వేరు చెప్పులు ఉన్నాయి. ఒక కాలు వాచి, ఆ కాలికి కొడుకు చెప్పు వేసుకుని వచ్చాడట. వాపు సంగతి షీటులో ఉంది, చెప్పు సంగతి లేదు.

సెప్టెంబరు

మొదటి గడి వినాయకుడికి. పటానికి తలకట్టు అదే కాబట్టి మారు మాట్లాడలేదు. రెండో గడిలో ఓపీ వరుస. మూడో గడిలో సెలైన్ సీసాను చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డ ఒక తల్లి. స్టాండు దొరకని రాత్రి చాలామంది చూసే ఉంటారు.

పని వరుస: సన్నని గీతతో ఆకారాలు, వెంటనే ఎర్ర నేల (బొమ్మల వెనకంతా నింపే ఎరుపు), తర్వాత ఒంటి రంగులు, బట్టలు, నగలు, అన్నిటికంటే చివర నల్ల గీత. నేను మూడో గడిలో తొందరపడి నల్ల గీత ముందే వేసి, ఎరుపును దాని చుట్టూ తిప్పలేక అంచులన్నీ చెడగొట్టాను.

ఎర్ర నేల దగ్గరే పెద్ద తంటా వచ్చింది. ఎరుపు మీద నెత్తురు కనిపించదు. క్యాజువాలిటీ దృశ్యం ఒకటి అనుకున్నాను, ఎన్ని రకాలుగా గీసినా అక్కడేమీ జరగనట్టే ఉంది. నెత్తురు చూపించాలంటే తెల్ల దుప్పటి మీదే చూపించాలి. చివరికి ఆ గడి మానేశాను. మానేశాక నిజంగా వేయాలనుకున్నది వేరే ఉందని తెలిసింది.

సెప్టెంబరు, అదే వారం, రాత్రి

ఆయన పేరు, జబ్బు, పడక నంబరు రాయను. జీవితమంతా జంపఖానాలు నేసిన మనిషి. ఆఖరి రెండు రోజులు స్పృహ సరిగా లేదు. రెండు చేతులూ దుప్పటి మీద ఆడుతూనే ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఏదో చిదిమి, తిప్పి, లాగి, మళ్లీ చిదమడం. దీన్ని కార్ఫాలజీ అంటారు. హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లోనే చెడ్డ లక్షణంగా రాసి ఉంది. నేనూ షీటులో ఆ మాటే రాశాను. రాసి తల ఎత్తేసరికి ఆయన భార్య నా వైపు చూస్తోంది.

"దారం తెగింది డాక్టరమ్మా, ముడి వేస్తున్నాడు" అంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు పోయాడు. అప్పటికి నేను వేరే పడక దగ్గర ఉన్నాను. ఇది ఏప్రిల్‌లో జరిగింది. ఖద్దరు కొనడానికి అసలు కారణం ఇదే, మొదటి రోజు రాయలేదు.

అక్టోబరు

మనసు తేలికపడిందా అని అమ్మ ఫోనులో అడుగుతుంటుంది. లెక్క ప్రకారం చెప్పాలంటే, 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజ కైమల్ బృందం ఒక చిన్న పరిశోధన చేసింది. 39 మంది 45 నిమిషాలు మట్టితో, రంగులతో ఏదో ఒకటి చేశారు. దాదాపు 75 శాతం మందికి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది. పోలిక కోసం మరో బృందం లేదు, ఊరికే కూర్చున్నా తగ్గేదేమో చెప్పలేం. మిగతా పాతిక శాతంలో నేనుంటే? ఆ చేతులు వేయడానికి కూర్చున్న మొదటి మూడు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

అంతకుముందే నిద్రకు ఇబ్బంది ఉంది, బట్టా రంగులూ దాన్ని తీర్చలేదు. సైకియాట్రీ విభాగంలో ఒక మేడమ్‌ దగ్గర నాలుగుసార్లు కూర్చున్నాను. అది తీర్చింది. సొంత కాలేజీలో వెళ్లడానికి మొహమాటపడే జూనియర్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ఇస్తున్నాను. తెలుగులోనే మాట్లాడవచ్చు, రాత్రయినా ఎత్తుతారు. బొమ్మలు వేయమని మాత్రం ఎవరికీ మందుచీటీ రాయడం లేదు.

మరి బొమ్మ ఏం చేసిందంటే, ఆ రెండు చేతుల దగ్గర నన్ను కూర్చోబెట్టింది. వార్డులో నేను వాటిని చూసింది మహా అయితే అర నిమిషం. ఇక్కడ మూడు వారాలు. ముడి వేసేటప్పుడు ఏ వేలు పైన ఉంటుందో తెలియక నేతగాళ్లుండే కొత్తవాడ వెళ్లాను. అక్కడ మగ్గం మీద ఉన్న ఒకావిడ తెగిన పోగును ముడివేసి చూపించింది. చూపుడువేలు కింద, బొటనవేలు పైన. తెగిన రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి మెలితిప్పుతారు. నేను గీసిన పద్నాలుగు చిత్తుల్లోనూ తలకిందులుగా ఉంది.

సద్దుల బతుకమ్మ నాడు డ్యూటీ. వేయిస్తంభాల గుడి వైపు వెళ్లే జనం, పాటలు, అన్నీ కిటికీలోంచే. తిరిగొచ్చి ఓపీ గడి కింద పూలవరుసలో తంగేడు పసుపు వేశాను. పాత పటాల్లో అలా ఉంటుందో లేదో కానీ, నా పటంలో ఉంది.

నవంబరు, రెండో ఆదివారం

నాలుగో గడి: ఎర్ర నేల ఆరింది. మంచం, తెల్ల దుప్పటి, ఆయన, తల దగ్గర పసుపు ఒంటితో, ఆకుపచ్చ చీరలో ఆమె. చేతులు మిగతా ఒంటి కొలతకు కాస్త పెద్దవి అయ్యాయి, సరిచేయడం లేదు. కాళ్ల దగ్గర తెల్లకోటుతో, షీటు పట్టుకుని ఒక మనిషి ఉండాలి. ఆ జాగా వదిలి ఉంచాను.

వేళ్ల మధ్య దారం కూడా ఇంకా వేయలేదు. పక్క ముక్క మీద రెండుసార్లు ప్రయత్నిస్తే, తెల్ల రంగు చిక్కగా ఉండి ఆరాక పగిలింది. రెండు చుక్కలు జిగురు నీళ్లు ఎక్కువ కలపాలి. సున్నా నంబరు బ్రష్షు కొస చీలిపోయింది, కొత్తది తేవాలి. మంగళవారం నైట్ డ్యూటీ, బుధవారం మధ్యాహ్నం దాకా నిద్ర. ఎండ ఉంటే గురువారం కూర్చుంటాను.