వెదురు బద్ద వంపు

మా తాతగారు బొబ్బిలి దగ్గరి పల్లెలో వడ్రంగం చేసేవారు. కమాను తలుపు చేయవలసి వచ్చినప్పుడు ఆయన పలక మీద మూడు మేకులు కొట్టి, వాటిని ఆనుకునేలా సన్నని వెదురు బద్దను వంచి, దాని వెంట పెన్సిలుతో గీత గీసేవారు. బద్ద తనంత తానుగా తీసుకున్న వంపే కంటికి కూడా ఇంపుగా ఉంటుందని చెప్పేవారు. చాలా ఏళ్ల తరువాత కంప్యూటర్‌లో గీయడం నేర్చుకుంటూ ఉండగా, కొన్ని బిందువులను బట్టి గీసే నునుపైన వంపుకు 'స్ప్లైన్' అనే మాట ఎదురైంది. అది పూర్వం ఓడలు, విమానాలు, కార్లు గీసేవారు సీసపు బరువులతో నొక్కిపట్టి వాడిన కర్రబద్ద పేరేనని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కారు రూపకల్పనలో చేతి గీతకు కాలం చెల్లిందనేవారికి ఈ సంగతి చెప్పాలని ఎప్పుడూ అనిపిస్తుంది. పూర్వం కారు బాడీని నిజ పరిమాణంలో గీసి, ఆ గీతల నుంచి చెక్కతో మూల నమూనా చేసి, దానిని బట్టి రేకును నొక్కే అచ్చులు తయారుచేసేవారు. ఒక్కో మెట్టులో ఒక్కో చేయి పడేసరికి మొదటి గీత కొద్దికొద్దిగా మారిపోయేది. ఫ్రాన్సులో సిత్రోయెన్ సంస్థలో 1959లో పాల్ ద కాస్టెల్జో, ఆ తరువాత రెనో సంస్థలో పియేర్ బెజియే వంపులను గణితంలోకి తెచ్చారు. అంటే గీసేవాడిని పక్కన పెట్టడానికి కాదు, అతడు గీసినది చెడకుండా అచ్చు దాకా చేరడానికే కంప్యూటర్ వంపు పుట్టింది.

ఫార్ములా వన్ కార్ల రూపకర్త ఏడ్రియన్ న్యూయీ డ్రాయింగ్ బోర్డు మీద పెన్సిలుతోనే గీస్తారు. ఆ గీతలను తరువాత ఇతరులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. పెన్సిలుతో తేలికగా పది గీతలు ఒకదాని మీద ఒకటి వేసి, ఏది నిలవాలో కన్ను తేల్చుకునే వరకు వేటినీ తుడవకుండా ఉంచవచ్చు. తెర మీద స్ప్లైన్ గీయాలంటే ప్రతి బిందువుకూ మొదటి నిమిషంలోనే కచ్చితమైన చోటు ఇవ్వాలి. మనసు ఇంకా తేల్చుకోని దానిని యంత్రం తేలినట్టే చూపిస్తుంది, నునుపుగా కనబడుతుంది కనుక మనమూ నమ్మేస్తాము. ఈ తొందరే నన్ను బాధిస్తుంది. కారు ఆకారాన్ని మట్టితో మలిచే నమూనాలు నేటికీ పెద్ద కార్ల సంస్థలలో నిలిచి ఉండడానికి కారణమూ ఇలాంటిదే. చుట్టూ తిరిగి చూస్తే తప్ప, వెలుగు ఆ వంపు మీద ఎక్కడ జారుతుందో, ఎక్కడ తడబడుతుందో తెలియదు.

ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ట్యాబ్‌లో కార్ల బొమ్మలు చక్కగా వేస్తాడు. గత నెల నుంచి ప్రతి ఆదివారం వాడిని విజయనగరం కోట దగ్గర ఒక ఇంటి ముందు నిలిపి ఉన్న పాత అంబాసిడర్ వద్దకు తీసుకువెళ్తున్నాను. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారులో తిన్నని గీత దాదాపు కనబడదు; చేతికి అంతకంటే మంచి పాఠం ఈ ఊళ్లో నాకు దొరకలేదు. మొదటి వారం వాడు పైకప్పు గీతను కాగితం చిరిగేదాకా తుడిచాడు. మూడో వారం తుడవడం మాని, గీత మీద గీత వేస్తూ వెళ్లి, "మావయ్యా, ఇది కాదు, దీని కింద ఉన్నదే అసలు గీత" అని తానే చూపించాడు. వెనుక చక్రం మీది వంపు ఇంకా కుదరలేదు. వచ్చే ఆదివారం ఒక వెదురు బద్ద కూడా వెంట తీసుకువెళ్తాము.